బెంగళూరులో ప్రింటైన దక్షిణదేశం: కెప్టెన్ లినియస్ ట్రైప్ ఫొటోలు

(బెంగళూరులోని తెలుగు ఫొటోగ్రఫీ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే, అదీ సిల్క్‌బోర్డు కూడలి ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది వస్తారని అనుకోలేదు. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ఫైన్ ఆర్ట్ ఫొటోగ్రాఫర్ పని, బతుకు. నా బతుకు సంగతే చెప్పమంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. వారంలో సగం బిల్డర్లకు ఫ్లాట్ల ఫొటోలు తీసి సంపాదిస్తాను, మిగతా సగం డార్క్‌రూములో కూర్చుని ఆ సంపాదన కరగదీస్తాను. అందుకని నన్ను పక్కన పెట్టి, 1850లలో ఇదే ఊళ్లో ఇదే పని చేసినాయన గురించి మాట్లాడతాను. పేరు లినియస్ ట్రైప్. ఉద్యోగం ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో కెప్టెన్.

ఆయన కెమెరా గట్టిగా పట్టుకున్నది ఏడెనిమిదేళ్లే. 1860 తర్వాత దాదాపు వదిలేశాడు. అయినా మన దేశంలో ఫొటోను చేతిపనిగా, కంటిపనిగా, కాగితం పనిగా మూడు రకాలుగానూ పూర్తిగా చేసినవాళ్ల పేర్లు చెప్పమంటే నేను మొదట ఈయన పేరే చెప్తాను. ఆయన్ని పెట్టుకున్నది మాత్రం కళ కోసం కాదు, రికార్డు కోసం. నెలజీతం మీద, సర్కారు ఆర్డరు మీద తీసినవాటిని ఈరోజు మ్యూజియంల వాళ్లు గోడకు ఎందుకు తగిలిస్తున్నారు? ఆ ప్రశ్న చుట్టూనే నా మాటలన్నీ తిరుగుతాయి.

ట్రైప్ 1822లో ఇంగ్లండులో డెవన్‌పోర్ట్ అనే ఓడరేవు ఊళ్లో పుట్టాడు. 1839లో సైన్యంలో చేరి ఇక్కడికొచ్చాడు. చాలాకాలం మామూలు సిపాయి దొరే. 1850ల మొదట్లో సెలవు మీద ఇంటికెళ్లినప్పుడు ఫొటోగ్రఫీ అంటుకుంది. లండన్‌లో ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1853లో మొదలైతే అందులో సభ్యుడయ్యాడు. 1854లో బెంగళూరు తిరిగొచ్చి, ఆ డిసెంబరులోనే హళేబీడు, బేలూరు వెళ్లి గుళ్లు తీశాడు. మనవాళ్లు లాంగ్ వీకెండ్ దొరికితే ఎక్కడికి వెళ్తారో అక్కడికే అన్నమాట. ఆ ఫొటోలను 1855లో మద్రాసులో జరిగిన ఎగ్జిబిషన్‌లో పెడితే పతకం వచ్చింది. అదే ఏడాది గవర్నర్ జనరల్ డల్హౌసీ బర్మా రాజు దగ్గరికి ఒక రాయబార బృందాన్ని పంపుతూ ఈయన్ని కూడా ఎక్కించాడు.

బర్మాలో వానలు, జబ్బులు, రాయబారం పనులు అన్నీ పోగా తన చేతికి చిక్కింది 36 పనిదినాలేనని ఆయనే రాసుకున్నాడు. ఆ కాస్త సమయంలో రెండు వందలకు పైగా నెగెటివ్‌లు, అంటే వెలుగు నల్లగా, నీడ తెల్లగా తిరగబడి వచ్చే మూల బొమ్మలు, చేశాడు. వాటిలోంచి 120 ఏరి, 50 సెట్లు ప్రింటు చేయించాడు. గుణిస్తే ఆరు వేల ప్రింట్లు. ఆ పని జరిగింది మన బెంగళూరులో. 1856లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ని సర్కారు ఫొటోగ్రాఫర్‌గా వేసుకున్నాక కూడా మకాం ఇక్కడే.

ఆరు వేల ప్రింట్లంటే అప్పట్లో ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. ఇక్కడున్న కుర్రాళ్లలో చాలామంది ప్రింటు అంటే ఫైల్ పంపితే కొరియర్‌లో వచ్చేది అనుకుంటారు కాబట్టి.

ఫిల్ము ఇంకా పుట్టలేదు. గాజు పలకల పద్ధతి ఉంది గానీ, అందులో రసాయనం తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే డెవలప్ చేసెయ్యాలి, అంటే మందులో పెట్టి బొమ్మ పైకి తెచ్చెయ్యాలి. మన ఎండల్లో అది పెద్ద తలనొప్పి. ట్రైప్ చిన్న స్టీరియో ఫొటోలకు, అంటే లోతు కనిపించేలా జంటగా తీసేవాటికి, గాజు వాడినా, పెద్ద ఫొటోలకు ఎక్కువగా మైనపు కాగితం వాడాడు. ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే 1851లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. సన్నటి మంచి కాగితం తీసుకుని, దానికి కరిగించిన తేనెమైనం పట్టించాలి. ఎక్కువైన మైనాన్ని అద్దుడు కాగితాల మధ్య పెట్టి వెచ్చటి ఇస్త్రీ పెట్టెతో లాగెయ్యాలి. ఒక్క మరక మిగిలినా ఆ మరక ఆకాశంలో తేలుతుంది. తర్వాత అయొడైడ్ ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టాలి. వాడబోయే ముందు చీకట్లో సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. ఇలా తయారైన కాగితం కొన్ని రోజులు ఆగుతుంది, తీశాక డెవలప్ చెయ్యడానికి కూడా తొందర లేదు. ఊళ్లు తిరిగేవాడికి ఇది వరం. శాపం ఏమిటంటే ఒక్కో ఫొటోకి నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇవ్వాలి, అంటే కాగితం మీద వెలుతురు పడనివ్వాలి, గాలిక్కూడా ఆకు కదలకూడదు.

నేను ఈ పద్ధతి చేసి చూశాను. మైనం దశ దాటితే సగం పని అయినట్టే. గాలిక్ ఆసిడ్‌లో బొమ్మ పైకి రావడానికి ఒక్కోసారి గంటలు పడుతుంది. ట్రే పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉండటమే. ట్రైప్‌కి ఆ సౌకర్యం కూడా లేదు.

ఇక ప్రింటు. పెద్దది చేసే ఎన్లార్జర్ లేదు. ఎంత ప్రింటు కావాలంటే అంత నెగెటివ్ ఉండాల్సిందే, అంటే కెమెరా కూడా అంత పెద్దది. నెగెటివ్‌ని, పూత పూసిన కాగితాన్ని ఫ్రేములో కలిపి బిగించి ఎండలో పెట్టాలి. మధ్యలో మూల ఎత్తి చూసుకుంటూ ఉండాలి. మబ్బు పడితే టైము మారిపోతుంది, ముసురు పడితే ఆ రోజు పనే లేదు. తర్వాత బంగారు లవణంతో రంగు తేల్చే టోనింగ్, వెలుతురుకి ఇక మారకుండా నిలిపే ఫిక్సింగ్, గంటల కొద్దీ కడగడం. ఈ చివరి కడగడంలోనే అందరూ బద్ధకిస్తారు. అప్పటి చాలామంది ఫొటోలు పసుపు పచ్చగా వెలిసిపోతే, ట్రైప్ ప్రింట్లు చాలావరకు ఇప్పటికీ నిండు రంగుతో ఉన్నాయంటే కారణం ఇదే. కెమెరా తెలివికన్నా ప్రింటు ఓపిక గొప్పదని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోనక్కర్లేదు, కానీ గోడ మీద ఆ ప్రింటు చూశాక వాదిద్దాం.

ఇది ఒక్కడి చేతిమీద అయ్యే పని కాదు. ఆయన దగ్గర పనిచేసినవాళ్లలో ఐయాస్వామి అనే మద్రాసు ఆర్ట్ స్కూలు ఫొటోగ్రాఫర్ పేరు మాత్రం రికార్డుల్లో నిలిచింది. నీళ్లు మోసినవాళ్లు, ఫ్రేములు ఎండలో తిప్పినవాళ్లు, బళ్లు తోలినవాళ్ల పేర్లు మనదాకా రాలేదు.

1857 డిసెంబరు. ఉత్తరాదిలో తిరుగుబాటు మంటలు ఇంకా ఆరలేదు. సరిగ్గా ఆ సమయంలో ట్రైప్ ఎద్దుబళ్ల మీద సామాను వేసుకుని బెంగళూరు నుంచి దక్షిణానికి బయల్దేరాడు. హోసూరు దాటి మన తెలుగువాళ్లు బాగా ఉండే ఆ కృష్ణగిరి సీమలోని రాయకోట, తర్వాత శ్రీరంగం, తిరుచిరాపల్లి, మదురై, పుదుక్కోట, తంజావూరు, అట్నుంచి మద్రాసు. పాడైపోయి కనుమరుగయ్యేలోపే గుళ్లను, కోటలను, శిల్పాలను చరిత్రకారులకు పనికొచ్చేలా నమోదు చెయ్యాలన్నది లక్ష్యం.

ఇప్పుడు ఒక ప్లేటు, అంటే ఆయన ఫొటోల్లో ఒకటి, చూద్దాం. స్లైడ్ వెయ్యండి బాబూ. ఇది మదురై దగ్గర యానమలై, అంటే ఏనుగు కొండ. మదురై నుంచి మేలూరు వెళ్లే దారిలో బస్సు కిటికీలోంచి చూస్తే అచ్చం తొండం చాచి పడుకున్న ఏనుగులాగే ఉంటుంది. రికార్డు కావాలంటే ఎవరైనా పక్కనుంచే తీస్తారు, పేరు సార్థకం అవుతుంది, పై అధికారి సంతోషిస్తాడు. ట్రైప్ ఈ ప్లేటుకి కొండ కొస వైపు వెళ్లి నిలబడ్డాడు. అక్కణ్ణుంచి ఏనుగు మాయమైపోయింది. మిగిలింది రాయి ఒక్కటే. ఆ బరువు చూడండి. ముందున్న నేలంతా చదును, వెనకున్న ఆకాశం వట్టి తెలుపు, మధ్యలో ఇంత ముద్ద. కొలత చెప్పడానికి మనిషిని నిలబెట్టలేదు. ఈ ఫొటోని చరిత్రకారుడు ఏం చేసుకుంటాడు? ఏమీ చేసుకోడు. ఇక్కడ సర్కారు ఉద్యోగి కాసేపు పక్కకు తప్పుకుని, తన కన్ను చెప్పినట్టు విన్నాడు. ఆర్డరు మీద పనిచేస్తూ కూడా తన ఫొటో తాను తీసుకోవచ్చు, ఇంకో పది అడుగులు నడవాలంతే.

మదురైలోనే తిరుమల నాయకుడి మహలు తీశాడు. మన తెలుగు నాయక రాజుల కట్టడం. ఇప్పుడు టికెట్టు కొని లోపలికెళితే కనిపించేది తర్వాత బాగు చేసిన భవనం. గవర్నర్ నేపియర్ కాలంలో, అంటే 1866 తర్వాత, మరమ్మతులు మొదలయ్యాయి. ట్రైప్ ప్లేట్లలో ఉన్నది అంతకు ముందుది: పాడుపడ్డ స్తంభాలు, కప్పులేని చోట పడే వెలుతురు. అంత లావు స్తంభాల మధ్య ఆ వెలుతురుని ఎలా పట్టాడో గమనించండి. నీడలో కూడా వివరం పోలేదు, ఎండ పడిన చోట కూడా మాడలేదు. వెలుగూ నీడా రెండిట్లోనూ వివరం నిలిపే హెచ్‌డీఆర్ అని ఇప్పుడు మనం బటన్ నొక్కి తెచ్చుకునేది, ఆయన పొద్దున్న సరైన గంట కోసం కాచుకుని తెచ్చుకున్నాడు. ఎండ ముదిరితే కాగితం మీది మైనం మెత్తబడుతుంది కూడా, అందుకని పొద్దుటి పనే ఆయనకు అనుకూలం.

తంజావూరుది మాత్రం వేరే లెక్క. బృహదీశ్వరాలయం విమానం అడుగున చుట్టూతా రాజరాజ చోళుడి కాలం శాసనాలు చెక్కి ఉన్నాయి కదా. వాటి ఒక భాగాన్ని ట్రైప్ 1858లో వరసగా తీసుకుంటూ పోయాడు. మొత్తం 21 ప్రింట్లు, అంచుకు అంచు అతికిస్తే దాదాపు 19 అడుగుల పొడుగు. మన ఫోన్లో పనోరమా తీసేటప్పుడు ఒకచోట నిలబడి చెయ్యి తిప్పుతాం, అందుకే కొసలు వంకర పోతాయి. శాసనం అలా తీస్తే అక్షరాలు చదవడానికి పనికిరావు. గోడకు అదే దూరంలో, అదే ఎత్తులో కెమెరాని జరుపుకుంటూ పోవాలి. ఇరవై ఒక్క కాగితాలూ ఒకే మోతాదు నలుపుతో రావాలి. ఎండ మాత్రం ఆయన కోసం ఆగదు. ఇది పచ్చి డాక్యుమెంటేషన్, ఇందులో మూడ్ లేదు, మబ్బుల్లేవు. అయినా నాకు ఆయన పనిలో అన్నిటికన్నా ఆధునికంగా కనిపించేది ఇదే. 1960ల తర్వాత పడమటి గ్యాలరీల్లో సిరీస్‌లని, గ్రిడ్‌లని గొప్పగా చెప్పుకున్నది ఈయన ఒక తహసీల్దారు లెక్క రాసినంత మామూలుగా చేసేశాడు.

మబ్బులంటే గుర్తొచ్చింది. ట్రైప్ ఫొటోల్లో కొన్నిటిలో మబ్బులు ఉంటాయి. అవి నిజం మబ్బులు కావు.

ఆ రోజుల్లో సిల్వర్ అయొడైడ్ నీలం వెలుతురుకే బాగా స్పందించేది. ఆకాశం అంతా నీలమే కాబట్టి అక్కడ నెగెటివ్ నిండా నల్లబడి, ప్రింటులో తెల్ల కాగితంలా మిగిలేది. ఆకుపచ్చకి దాదాపు గుడ్డిది, అందుకని చెట్లన్నీ బొగ్గు ముద్దల్లా వచ్చేవి. ట్రైప్ నెగెటివ్ మీద సన్నటి కుంచెతో రంగు అద్ది మబ్బులు గీశాడు, చెట్లలో ఆకులకు కాస్త వెలుగు తెచ్చాడు. కాగితం నెగెటివ్ మీద ఇది సులువు, రంగు చక్కగా పడుతుంది. ఫొటోషాప్ వాడితే అది ఫొటోయే కాదని మన గ్రూపుల్లో కొట్టుకుంటాం చూశారూ, ఆ కొట్లాట అంత పాతది. నా తీర్పు అడిగితే, కొన్ని మబ్బులు బాగున్నాయి, కొన్ని అతిగా ఉన్నాయి. కానీ ఆకాశం ఖాళీగా ఉండటం కూడా నిజం కాదు కదా, రసాయనం చేసిన అబద్ధమే. ఒక అబద్ధాన్ని ఇంకోదానితో సర్దాడు.

ఇంకో సంగతి అందరూ అడుగుతారు. ఈ ఫొటోల్లో జనం ఏరీ? మీనాక్షి గుడి దగ్గర మనుషులు లేకపోవడం ఏమిటి? సగం కారణం నిమిషాల ఎక్స్‌పోజర్. నడిచేవాడు కాగితం మీద పడడు. మిగతా సగం ఆయన ఎంచుకున్నదే. కాసేపు కదలకుండా కూర్చోమంటే కూర్చునేవాళ్లు దొరకరా ఏమిటి? ఖాళీ గుడి ఆయన కంటికి నచ్చింది. అది ఏలే దొర కన్ను అని విమర్శించేవాళ్లున్నారు. తిరుగుబాటు అణచిన ఏడాదిలో, కంపెనీ జీతగాడు, మనుషుల్లేని దేశాన్ని తీశాడు అంటే ఆ విమర్శని కొట్టిపారెయ్యలేను. ఫొటోని మెచ్చుకుంటూనే ఈ మాట కూడా మనసులో పెట్టుకోవాలి.

ఇక మనకు దగ్గరి విషయం. గుంటూరు సీమ అమరావతి స్తూపాన్ని వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి 1845లో తవ్వించి, శిల్పాలను మద్రాసుకి పంపించాడు. అవి అక్కడ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఉన్నాయి. 1858లో ట్రైప్ మద్రాసు చేరి, మ్యూజియం దగ్గర ఆ రాళ్లను వరసపెట్టి ఫొటోలు తీశాడు. ఇలియట్ మార్బుల్స్ అన్న పేరుతో అవి పోర్ట్‌ఫోలియోగా, అంటే ఫొటోల సంపుటిగా వచ్చాయి. నిజానికి అవి చలవరాళ్లు కావు, మన పలనాటి సున్నపురాయే. ఆ మరుసటి ఏడాదే శిల్పాలను ఓడెక్కించి లండన్ పంపించేశారు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికినవి కొన్ని చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో మనం చూడొచ్చు.

ఫొటోలుగా చూస్తే ఇవి ట్రైప్ పనిలో గొప్పవి కావని నేను మొహమాటం లేకుండా చెప్తాను. ముక్కలు పక్కపక్కన పేర్చి తీసినవి, మదురైలో ఉన్న ఆ నిదానం ఇక్కడ లేదు. లోతు తక్కువ చెక్కడాలకు పక్కనుంచి వాలు వెలుతురు పడాలి, లేకపోతే బొమ్మ చదునైపోతుంది. కానీ మనవాళ్లకు వీటి విలువ వేరు. సముద్రం దాటకముందు ఆ రాయి ఎలా ఉందో, ఏ మూల విరిగి ఉందో, ఏ మొహం ఇంకా నిలిచి ఉందో ఇందులో ఉంది. తెలుగు గడ్డ శిల్పాన్ని ఫొటోలో పట్టిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. కళగా తక్కువ మార్కులు పడ్డ ఫొటో చరిత్రకు ఎక్కువ అక్కరకు రావచ్చు. ఏనుగు కొండకు సరిగ్గా ఎదురు కేసు ఇది.

కథ ఇక్కడే అడ్డం తిరిగింది. 1859లో మద్రాసు గవర్నరుగా సర్ చార్ల్స్ ట్రెవెల్యన్ వచ్చాడు. తిరుగుబాటు ఖర్చుతో ఖజానా ఖాళీ. ఈ ఫొటోల శాఖ ఫైలు చూసి, ఇది ఖరీదైన విలాసం, మన ఇప్పటి ఆర్థిక స్థితికి సరిపడదు అని తేల్చేశాడు. పని ఆపెయ్యమన్నారు. 1860 కల్లా ట్రైప్ దుకాణం సర్దేశాడు. చిత్రమేమిటంటే, ఆ ట్రెవెల్యన్‌ని కూడా అదే 1860లో పదవి నుంచి వెనక్కి పిలిపించారు. కేంద్రం వేసిన కొత్త పన్నులు నచ్చక, తన అభ్యంతరాన్ని బయటపెట్టినందుకు. డబ్బు లెక్కల దగ్గరే ఇద్దరి పనీ పోయింది.

తర్వాత ట్రైప్ మళ్లీ పటాలానికి వెళ్లిపోయాడు. పదేళ్ల తర్వాత బర్మాలో ఉద్యోగం చేస్తున్నప్పుడు మరికొన్ని ఫొటోలు తీశాడు, అంతే. రిటైరై సొంతూరు వెళ్లి 1902లో పోయాడు. చాలాకాలం పరిశోధకులు తప్ప ఆయన పేరు ఎత్తినవాళ్లు లేరు. 2014, 2015ల్లో వాషింగ్టన్, న్యూయార్క్, లండన్ మూడు చోట్లా పెద్ద మ్యూజియంలు ఆయన ఫొటోలతో ఎగ్జిబిషన్ తిప్పాయి.

ఇప్పుడు మన బతుకుల్లోకి వద్దాం. ట్రైప్‌కి ఒకే ఒక్క కస్టమరు, ఆ కస్టమరు గవర్నమెంటు. ఆ ఒక్క కస్టమరు వద్దంటే కెరీరే అయిపోయింది. ఈరోజు మనకు కస్టమర్లు ఎక్కువ, ఒక్కొక్కరూ ఇచ్చేది తక్కువ. పెళ్లిళ్లు, ఇంటీరియర్లు, కంపెనీ రిపోర్టులు, ఎక్కడో ఒక ప్రింటు అమ్మకం. ప్రింటు అమ్మేటప్పుడు ఇన్ని కాపీలే చేస్తానని మాటిచ్చి, వెనకాల నంబరు వేసి సంతకం పెడతాం. అయిదులో రెండోది, అలాగన్నమాట. ఆ మాట తప్పితే మార్కెట్టులో పేరు పోతుంది, ఇంకే శిక్షా లేదు.

చట్టం విషయంలో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి, చాలామందికి తెలియవు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి అడిగితే తీసిన ఫొటోకి మొదటి హక్కుదారు డబ్బిచ్చినాయనే, వేరేగా ఒప్పందం రాసుకుంటే తప్ప. కాబట్టి ఆ పెళ్లి ఫొటో మీ జీవితంలో బెస్ట్ అయినా, కాగితం మీద లేకపోతే మీది కాదు. రెండోది 53ఎ సెక్షన్. చిత్రకారుడి బొమ్మ పదివేలకు పైగా ధరకి మళ్లీ అమ్ముడైతే అందులో కొంత వాటా అడిగే హక్కు ఆయనకుంటుంది. ఆ సెక్షన్‌లో పెయింటింగ్, శిల్పం, డ్రాయింగ్ అని ఉంది. ఫొటో అన్న మాట లేదు. ట్రెవెల్యన్ దొర పోయాడు గానీ ఆ చూపు ఇంకా పోలేదని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ మ్యూజియం, మ్యాప్ అంటారు, ఇంకా చూడనివాళ్లుంటే వెళ్లి రండి. ఫొటోని స్క్రీన్ మీద కాకుండా కాగితంగా చూడటం అలవాటవ్వాలి. ట్రైప్ ఫొటోలు చూడాలంటే లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సైటులో వెతకండి, ఊళ్ల పేర్లు పాత దొరల స్పెల్లింగుల్లో కొడితే దొరుకుతాయి.

నేను చేసిన రెండు మైనపు కాగితం నెగెటివ్‌లు ఆ బల్ల మీద పెట్టాను. కిటికీ వైపు ఎత్తి చూడండి, వేళ్లు అంచుల మీదే ఉంచండి, టీ గ్లాసులు మాత్రం దూరంగా పెట్టండి. అడగాల్సినవేమైనా ఉంటే ఇప్పుడు అడగండి. కెమెరా ఏది కొనాలన్న ప్రశ్న ఒక్కటి మాత్రం వద్దు.